హేగ్ ఒప్పందంలోని అప్పు: ఇండోనేషియా గెలిచినట్లా, ఓడినట్లా?

పాతకాగితం:
1949 నవంబరు 2న డచ్చివారి దేశమైన నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో ముగిసిన రౌండ్ టేబుల్ సమావేశంలో ఇండోనేషియా స్వాతంత్ర్యంతోపాటు డచ్చి వలస ప్రభుత్వపు అప్పులో 430 కోట్ల గిల్డర్లను కూడా నెత్తిన వేసుకుంది. ఆ బాకీలో కొంత, 1945లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఇండోనేషియా రిపబ్లిక్‌ను అణచడానికి డచ్చివారు నడిపిన యుద్ధానికి ఖర్చయిన సొమ్మే. తన మీద పేలిన తూటాల ఖరీదు తానే కట్టే దేశాన్ని విజేత అనవచ్చునా?

గౌతమీతీరం:
నిస్సందేహంగా అనవచ్చు. 1948 డిసెంబరు 19న రిపబ్లిక్ రాజధాని యోగ్యకర్తను పట్టుకుని అధ్యక్షుడు సుకర్ణోను, ఉపాధ్యక్షుడు హట్టాను నిర్బంధించిన డచ్చివారే, ఏడాది తిరగకముందే ఆ హట్టాతో హేగ్‌లో సమానంగా కూర్చోవలసి వచ్చింది. డచ్చివారు మొదట అడిగినది 600 కోట్లకు పైబడిన మొత్తం అని కూడా గుర్తుంచుకోవాలి.

పాతకాగితం:
ఎంత తగ్గించారన్నది నా ప్రశ్న కాదు, అప్పు ఎవరిదన్నదే ప్రశ్న. మా కుటుంబ పంపకాలలో పెద్దమనుషులు మా నాన్నగారి వాటాకు ఆయన చేయని బాకీని జోడించి, ముందు సంతకం పెట్టు, తరువాత చూసుకుందామన్నారు. ఆయన బ్రతికుండగా ఎవరూ చూడలేదు.

చిన్నపలక:
ఇంటి పంపకాలను హేగ్ దాకా తీసుకువెళ్ళవద్దని మనవి.

గౌతమీతీరం:
ఇండోనేషియా మాత్రం చూసుకుంది. హేగ్‌లో ఒప్పుకున్న సమాఖ్య రాజ్యాంగాన్ని 1950 ఆగస్టులోనే పక్కనపెట్టింది. 1956లో డచ్చి రాణి పేరిట రెండు దేశాలను కలిపిన కూటమిని రద్దుచేసి, మిగిలిన అప్పు కట్టనంది. 1957 చివర డచ్చి కంపెనీలను స్వాధీనం చేసుకుంది. ముందు సైన్యాన్ని సాగనంపి, లెక్కలు తరువాత తేల్చుకున్న నేర్పు ఇది.

పాతకాగితం:
అంతవరకూ కట్టిన వాయిదాల సంగతి మీరు ఎత్తడం లేదు.

ద్వీపాంతరి:
ఇద్దరూ అప్పు దగ్గరే ఆగిపోయారు. పాపువా ప్రజలుండే పశ్చిమ న్యూగినీ ఎవరికి చెందాలన్న విషయాన్ని ఏడాదిలోగా మాట్లాడుకుందామని హేగ్‌లో వాయిదా వేశారు. ఆ బల్ల దగ్గర డచ్చివారు, రిపబ్లిక్ వారు, డచ్చివారు ఏర్పరచిన సమాఖ్య రాష్ట్రాల వారు ఉన్నారు గాని పాపువా ప్రజల తరఫున ఎవరున్నారు? ఆ ప్రాంతం ఇండోనేషియా చేతికి వెళ్ళేలా చేసిన 1962 న్యూయార్క్ ఒప్పందం కూడా వారు లేకుండానే కుదిరింది. 1969లో ఇండోనేషియా ప్రభుత్వం వెయ్యిమందికి పైగా ప్రతినిధులను ఏరి కూర్చి, తనతో ఉంటామన్న వారి మాటే ప్రజాభిప్రాయమన్నది.

గౌతమీతీరం:
ఇది వలసపాలకుల వాదన. న్యూగినీని వదులుకోలేక డచ్చివారు పాడిన పాటనే మీరు పాడుతున్నారు. ఆసియా దేశాలను నెహ్రూ 1949 జనవరిలో ఢిల్లీకి పిలిచి ఇండోనేషియాకు మద్దతు కూడగట్టినది ఇందుకు కాదు.

పాతకాగితం:
మన తగాదా అప్పు గురించి కాదని ఇప్పుడు తెలుస్తున్నది. ఫలితం దక్కితే ఏ సంతకమైనా సరేనంటున్నారు మీరు. తన ప్రమేయం లేని భారాన్ని ఎవరిమీదా మోపరాదంటున్నాను నేను. జావాకు ఒక న్యాయం, పాపువాకు ఒక న్యాయం ఉండదు.

గౌతమీతీరం:
ఆ న్యాయం కోసం పట్టుపట్టి కూర్చుంటే 1949 డిసెంబరు 27న ఆమ్‌స్టర్‌డామ్‌లో డచ్చి రాణి జూలియానా అధికార బదిలీ పత్రంపై సంతకం చేసేదే కాదు, లక్షకు పైగా డచ్చి సైనికులు కదిలేవారూ కాదు. 1969లో జరిగినదానికి హట్టాను నిలదీయడం అన్యాయం. 1945 జూలైలో, స్వాతంత్ర్య ప్రకటనకు ముందు చర్చలలోనే, పాపువాను పాపువా ప్రజలకే వదలాలన్న నాయకుడాయన.

ద్వీపాంతరి:
నాలుగేళ్ళ తరువాత హేగ్‌లో అదే ప్రాంతాన్ని ఇండోనేషియాకు ఇమ్మని అడిగిన ప్రతినిధివర్గానికి నాయకుడు కూడా ఆయనే.