అప్‌డేట్: సెల్ఫ్ సమస్య తీరింది, తప్పు ఎర్త్ వైరుది

150 సీసీ కార్బ్యురేటర్ బండికి కొత్త బ్యాటరీ వేసినా సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందని, కిక్ కొడితే మాత్రం వెంటనే స్టార్ట్ అవుతోందని అడిగాను కదా. రిలే (సెల్ఫ్ మోటార్‌కి కరెంటు పంపే స్విచ్) మార్చే ముందు వోల్టేజ్ డ్రాప్ (వైరు దారిలో ఎన్ని వోల్టులు తగ్గిపోతున్నాయో) చూడమన్నారు. మంచి మాటే చెప్పారు.

ఇంజిన్ స్టార్ట్ కాకుండా ప్లగ్ క్యాప్ తీసి, దానికి పాత ప్లగ్ పెట్టి ఇంజిన్‌కి ఆనించి (గాలిలో వదిలేస్తే సీడీఐ, అంటే స్పార్క్ పుట్టించే యూనిట్, పోవచ్చు), సెల్ఫ్ నొక్కుతూ కొలిచాను. బ్యాటరీ దగ్గర 11.8, మోటార్ దగ్గర 8.6 వోల్టులు. బ్యాటరీ ప్లస్ నుంచి మోటార్ టెర్మినల్‌కి 0.2, అంటే రిలే బాగానే ఉంది. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్ బాడీకి ఏకంగా 3.0!

ఎర్త్ బోల్టు (బ్యాటరీ మైనస్ వైరును ఇంజిన్‌కి బిగించేది) విప్పితే రింగు కింద పచ్చటి చిలుం. పైకి మాత్రం బిగుతుగానే ఉంది, అందుకే కంటికి దొరకలేదు. మైనస్ వైరు ఊడదీసి, రింగూ ఇంజిన్ మీద అది కూర్చునే చోటూ ఎమరీ పేపరుతో మెరిసేలా రుద్ది, బిగించి, పైన వ్యాసలీన్ పూశాను.

ఇప్పుడు ఎర్త్ వైపు డ్రాప్ 0.2, మోటార్‌కి 10.3. బ్యాటరీ దగ్గర 10.8కి దిగింది. కంగారు అక్కర్లేదు, మోటార్ ఇప్పుడు సరిపడా కరెంటు లాగుతోంది కాబట్టే ఆ దిగుదల.