‘మాదాకబళం’లో ‘దా’ ఎక్కడిది?

ఎంవీపీ కాలనీ నుంచి, మొదటి టపా:
ఒక మాట వారం రోజులుగా నన్ను వదలడం లేదు. చిన్నప్పుడు విశాఖ బురుజుపేటలో మా అమ్మమ్మగారింటికి దీపాలు పెట్టే వేళకి ఒకాయన వచ్చేవాడు. చేతిలో సత్తు గిన్నె, దానికి ఒక పక్క సొట్ట. అరుగు ఎక్కేవాడు కాదు, కిందనే నిలబడి "మాదాకబళం తల్లీ..." అని రాగం తీసేవాడు. దాని వెనక ఇంకో ముక్క ఉండేది. "కలిపిన ముద్దయినా" అనో, "కడపటి ముద్దయినా" అనో. ఎంత తన్నుకున్నా అదే గుర్తు రావడం లేదు. అమ్మమ్మ మిగిలిన అన్నంలో పులుసు పోసి ఆ గిన్నెలో వేసేది. ఏమీ లేని రోజున కూడా "లేదు" అనేది కాదు. "చెయ్యి ఖాళీ లేదు నాయనా, వెళ్ళి రా" అనేది.

పోయిన శుక్రవారం మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఒక ముసలావిడ కారు అద్దం మీద వేళ్ళతో తట్టి "పది రూపాయలియ్యమ్మా" అంది. బండి నడుపుతున్న మా వదిన "డబ్బులివ్వకు, వాటిని వెనకాల ఎవడో లాక్కుంటాడు. ఇస్తే బిస్కెట్లివ్వు" అంది. బిస్కెట్లు లేవు. అద్దం దించకుండానే చెయ్యి ఖాళీ లేదన్నట్టు సైగ చేశాను. నా రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి. అప్పట్నుంచీ ఆ పాత పిలుపు చెవిలో మోగుతోంది.

ఇంతకీ అది మాదాకబళమా, మాతాకబళమా? రెండో ముక్క ఎవరికైనా తెలుసా? కబళం అంటే అన్నం ముద్ద, పిలుపులో అడిగింది అదే కదా. మరి సిగ్నల్ దగ్గర డబ్బులివ్వకూడదనేవాళ్ళకి ఈ మాట సాక్ష్యమా?

సీతమ్మధార నుంచి:
మాతా కబళమేనమ్మా, సందేహం అక్కర్లేదు. త నోట్లో నలిగి ద అయింది. విభూతి విబూది అయినట్టే. మా వైపు మాదాకవళం అని కూడా అంటారు, అదీ తప్పు కాదు. సంస్కృతంలోనే కబలం, కవలం రెండూ ఉన్నాయి.

భీమిలి నుంచి:
మాస్టారూ, త మెత్తబడిందన్నారు, ఒప్పుకుంటాను. మరి దాన్ని ఆనుకునే ఉన్న క ఎందుకు గట్టిగా మిగిలిపోయింది? నలిగితే రెండూ నలగాలి, మాదాగబళం కావాలి. అలా అన్నవాళ్ళని నేను వినలేదు. నా ఊహ వేరు. ఇది మధూకరం నుంచి వచ్చింది. తుమ్మెద పువ్వు పువ్వుకీ తిరిగినట్టు ఇల్లిల్లూ తిరిగి తలా కాస్త తెచ్చుకోవడం. మా తాతగారు విజయనగరం సంస్కృత కళాశాలలో చదివిన రోజుల్లో అలాగే కడుపు నింపుకున్నారు. వారాలు, అంటే వారంలో రోజుకొక ఇంట్లో భోజనం, కుదరని రోజున మధూకరం. ఆయన దాన్ని ఏనాడూ ముష్టి అనలేదు, మమ్మల్నీ అననివ్వలేదు.

సీతమ్మధార నుంచి:
మీ తాతగారికి నమస్కారం. కానీ ‘ధూ’ వెళ్ళి ‘దా’ ఎలా అయింది? ఒత్తు పోవడం మామూలే, అచ్చు మారడానికి కారణం చూపించండి. ‘ర’ ఏమైంది? నా దగ్గర క గురించి జవాబుంది. అది సమాసం కాదు, పిలుపు. "మాతా!" అని ఆగి, ఇంట్లోంచి అలికిడి విని, అప్పుడు "కబళం" అనేవారు. మధ్యలో ఊపిరి తీసుకునేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీయే క ని కాపాడింది.

భీమిలి నుంచి:
ఖాళీ ఉంటే ‘తా’ కూడా అలాగే ఉండాలి కదా మాస్టారూ. పైగా సంస్కృతంలో సంబోధన ‘మాతః’.

సీతమ్మధార నుంచి:
తెలుగులో అమ్మవారిని ‘మాతా’ అనే పిలుస్తాం. వీధిలో పిలిచింది తెలుగువాడు.

అనకాపల్లి నుంచి:
మా ఊళ్ళో ‘దా’ అంటే రా అని. మా నాయనమ్మ దీన్ని "మా అమ్మా, దా, కబళం పెట్టు" అనే అర్థం చేసుకునేది. వ్యాకరణానికి నిలవదని తెలుసు. అయినా ఆవిడ ఆ మాట వినగానే లేచేది. తనని రమ్మన్నారనుకునేది కాబట్టి.

లాసన్స్ బే నుంచి:
దా దగ్గరికి వచ్చారు గనక ఒక్క మాట. బృహదారణ్యక ఉపనిషత్తులో ప్రజాపతి ‘ద’ అని ఒక్క అక్షరమే అంటాడు. దేవతలు దాన్ని దామ్యత, అదుపులో ఉండండి అని విన్నారు, అసురులు దయధ్వం, దయ చూపండి అని విన్నారు, మనుషులు దత్త, ఇవ్వండి అని విన్నారు. ఎవరికి ఏది తక్కువో వాళ్ళకి అదే వినిపించింది. ఇది వ్యుత్పత్తి అని నేననడం లేదు. అనకాపల్లి నాయనమ్మగారికి వినిపించిన తీరు చూస్తే నాకిది గుర్తొచ్చింది.

గోపాలపట్నం నుంచి:
అందరూ దా పట్టుకున్నారు, నాకు మాత్రం "చెయ్యి ఖాళీ లేదు" దగ్గర మనసాగిపోయింది. అది అబద్ధమే కదా. వామనుడికి దానమివ్వొద్దని బలిని ఆపబోతూ, ఎప్పుడెప్పుడు బొంకవచ్చో పోతన భాగవతంలో శుక్రాచార్యుడి చేత చెప్పించిన పట్టిక తీసి చూడండి. "వారిజాక్షులందు వైవాహికములందు, ప్రాణ విత్త మానభంగమందు..." విత్తం కూడా అందులో ఉంది! డబ్బు పోయేటప్పుడు బొంకవచ్చని గురువే అన్నాడు. పది రూపాయలు పోవడం విత్తభంగమా? కాదని నా గట్టి అభిప్రాయం. ‘భంగం’ అన్నాడు, ‘వ్యయం’ అనలేదు.

ఆ గురువుకి బలి చెప్పిన జవాబులో అందరూ "కారే రాజులు" దగ్గర ఆగిపోతారు. నాకు ఆ తర్వాత వచ్చే పద్యం ఇష్టం. లక్ష్మీదేవి కొప్పు మీదా, ఒంటి మీదా, పాదాల మీదా తిరిగిన విష్ణువు చెయ్యి "క్రిందగుట మీదై నా కరంబుంట మేల్ గాదే?" అంటాడు. పుచ్చుకునే ఆ చెయ్యి కిందా, ఇచ్చే నా చెయ్యి పైనా ఉండటం మేలే కదా అని. చిన్నప్పుడు మా నాన్నగారు దీన్ని నేర్పుతూ తన అరచెయ్యి నా అరచేతి కింద పెట్టి చూపించేవారు. ఆ చెయ్యి వెచ్చగా ఉండేది. ఇప్పటికీ ఎవరికైనా ఏదైనా ఇచ్చేటప్పుడు నాకు ముందుగా ఆ వెచ్చదనం గుర్తొస్తుంది. అద్దం సందులోంచి జారవిడిచే నాణేనికి అది లేదు.

భీమిలి నుంచి:
గోపాలపట్నం వారూ, శుక్రుడు నీతి చెప్పలేదండీ, శిష్యుడి రాజ్యం కాపాడబోయాడు. ఆ పద్యాన్ని ధర్మశాస్త్రంలా చదవకూడదు. అన్నట్టు ముష్టి గురించి ఎవరూ అనలేదు. ముష్టి అంటే పిడికిలి. ఇచ్చేవాళ్ళ పిడికిలే కొలత. అంత మంచి మాట తిట్టుగా ఎలా మారిందో దాని మీద విడిగా ఒక టపా పెట్టాలి.

గాజువాక నుంచి:
నాకు వ్యాకరణం రాదు. నగరపాలక సంస్థ వాళ్ళ నైట్ షెల్టర్‌లో వారానికి రెండు రాత్రులు సాయం చేస్తుంటాను. "ముద్దయితే ఇస్తాం, డబ్బులివ్వం" అన్న మాట నాకు నచ్చదు. అన్నా క్యాంటీన్‌లో ఐదు రూపాయలకి భోజనం దొరుకుతోంది, కాబట్టి చేతిలో పడ్డ ఐదు రూపాయల బిళ్ళ కూడా కబళమే. కబళం రాత్రికి పాచిపోతుంది, బిళ్ళ పాడవదు. సబ్బు, చెప్పులు, బస్సు ఛార్జీ, ఇవి ముద్దలో రావు. తాగేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. పసిపిల్లల్ని ఎత్తుకుని తిరిగేవాళ్ళకి నేనూ డబ్బులివ్వను, 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తాను. కానీ ఒంటరి ముసలివాళ్ళని ఆ లెక్కలో కలపకండి. వీధుల్లో యాచన ఆపమని 2021లో వేసిన పిటిషన్ మీద సుప్రీంకోర్టు అన్నదీ అదే. వేరే దారి ఉంటే ఎవరూ అడుక్కోరు, ఇది ఎలైటిస్ట్ చూపుతో, అంటే పైవర్గం వాళ్ళ చూపుతో చూసే విషయం కాదు అంది.

సీతమ్మధార నుంచి:
బాబూ, మీరు చెప్పింది మనసుకి పట్టింది. బిళ్ళ కూడా కబళమే అన్నారే, అది నేను రాసుకున్నాను. అయితే ‘తా’ మీద మాత్రం నా మాట వదలను.

ఎంవీపీ కాలనీ నుంచి:
నిన్న సాయంత్రం మళ్ళీ మద్దిలపాలెం వెళ్ళాను, ఈసారి నడిచి. ఆవిడ డివైడర్ మీద కూర్చుని ఉంది. పక్కన గుడ్డసంచి, అందులోంచి ఖాళీ మందుల అట్ట ఒకటి బయటికి కనిపిస్తోంది. పది రూపాయల నోట్లు మూడు చేతిలో పెట్టి, కాసేపు కూర్చుని, "మాదాకబళం అన్న పిలుపు మీరు విన్నారా" అని అడిగాను. "మా అత్త అనేది. అది అన్నం అడిగినోల్ల మాటమ్మా. నాకు బీపీ బిళ్ళలు కావాల. బిళ్ళలకి కబళం అని అడుగుతారా?" అంది. అట్ట తీసి చూపించింది. పది గళ్ళూ ఖాళీ. పక్క వీధిలో మందుల షాపు ఉంటే వెళ్ళి తెచ్చాను.

రెండో ముక్క ఆవిడకీ తెలియదు.

భీమిలి నుంచి:
మంచి పని చేశారమ్మా. ఒక్క సందేహం. వాళ్ళ అత్త మాట చెప్పేటప్పుడు ఆవిడ ‘మాదా’ అన్నారా, ‘మాతా’ అన్నారా?

ఎంవీపీ కాలనీ నుంచి:
ఆ మాట నేనే అన్నానండీ, ఆవిడ నోట రాలేదు. అట్టలో బిళ్ళలు పది రోజులకే వస్తాయి. మళ్ళీ వెళ్తాను కదా, అప్పుడు అడుగుతాను.