సపోర్ట్ రియాక్షన్ మైనస్‌లో వస్తోంది, లెక్క తప్పిందా?

ప్రశ్న:
6 మీటర్ల బీమ్, అంతటా ఒకే మందం, సొంత బరువు 200 న్యూటన్లు. ఎడమ కొసన ‘ఎ’ సపోర్ట్, అక్కడి నుంచి 4 మీటర్ల దూరంలో ‘బి’ సపోర్ట్, మిగతా 2 మీటర్లు గాల్లోనే ఉంది. ఆ కుడి కొసకి 500 న్యూటన్ల లోడ్ వేలాడుతోంది. ఎ చుట్టూ మొమెంట్లు (బలం ఇంటూ దూరం, అంటే తిప్పే ప్రభావం) తీస్తే బి దగ్గర రియాక్షన్, అంటే సపోర్ట్ బీమ్‌ని తిరిగి తోసే బలం, 900 వచ్చింది, ఎ దగ్గరేమో మైనస్ 200. మొత్తం కలిపినా బరువు 700 కదండీ, ఒక్క సపోర్టే 900 ఎలా మోస్తుంది? ఎన్నిసార్లు చేసినా ఇదే. గుర్తు ఎక్కడైనా తారుమారైందా?

జవాబు:
లెక్క కరెక్టే, కొట్టెయ్యకండి. ఎ దగ్గర మీరు బాణం పైకి గీశారు, అది నిజానికి కిందికి ఉండాలి, మైనస్ చెప్పేది అంతే. బాణం తిప్పి మళ్లీ మొదటినుంచి చేసే పనేం లేదు, చివర్లో ‘200 న్యూటన్లు, కిందికి’ అని రాసెయ్యండి. నమ్మకం కుదరకపోతే బి చుట్టూ చూడండి: సొంత బరువు బీమ్ మధ్యలో పడుతుంది, అంటే బి కి ఎడమవైపు 1 మీటరు, మొమెంట్ 200. లోడ్ కుడివైపు 2 మీటర్లు, మొమెంట్ 1000. కుడివైపు 800 ఎక్కువైంది కాబట్టి 4 మీటర్ల అవతలున్న ఎ, బీమ్‌ని 200తో కిందికి పట్టి ఉంచాలి.

ఇంకో జవాబు:
900 సంగతి కూడా అక్కడే తేలిపోయింది. బరువు 200, లోడ్ 500, వాటికి తోడు ఎ దగ్గర లాగుతున్న 200, మూడూ కిందికే. పైకి తోసేది బి ఒక్కటే, ఇంక ఎవరు మోస్తారు?

అడిగినవారు:
ఓకే, అర్థమైంది. కానీ బొమ్మలో ఎ దగ్గర బోల్టులేం లేవు, ఊరికే దిమ్మె మీద ఆనించినట్టుంది. అది కిందికెలా లాగుతుంది?

జవాబు:
లాగలేదు. దిమ్మె పైకి తొయ్యగలదు గానీ పట్టుకోలేదు కదా, కాబట్టి ఆ బొమ్మే నిజమైతే 500 వెయ్యగానే ఎడమ కొస లేచిపోతుంది, అసలు ఈక్విలిబ్రియమే (కదలకుండా నిలిచే స్థితి) ఉండదు. ఇలాంటి ప్రశ్నల్లో సపోర్ట్ హింజా (పిన్నుతో బిగించినదా), రోలరా (దొర్లే చక్రం లాంటిదా), ఉత్త ఆనింపా అన్నది ముందే చూసుకోవాలి, చాలామంది చూడరు. ఆనింపే అయితే కొసన ఎంత లోడ్ ఆగుతుందో లెక్క కట్టండి: లోడ్ ఇంటూ 2, 200 ఇంటూ 1 కి సమానం, అంటే 100 న్యూటన్లు. అప్పుడు ఎ దగ్గర సున్నా, బి దగ్గర 300. అది దాటితే తిరగబడుతుంది.