తండా చరిత్ర 2018 నుంచే మొదలవుతుందా?

చెరువుకట్ట: మా మండల చరిత్ర రాస్తున్నాం, మహబూబాబాద్ జిల్లా. 2018లో పంచాయతీ అయిన ఒక తండా ఉంది. దాన్ని విడిగా రాయాలా, పాత ఊరి శివారుగా రాయాలా?

పాతరికార్డు: శివారుగానే రాయాలి. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా ఉన్న తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి, 2019 జనవరిలో సర్పంచ్ ఎన్నికలూ జరిగాయి, సంతోషం. కానీ రెవెన్యూ గ్రామం, అంటే భూమి రికార్డుల్లో ఉండే ఊరు, మారలేదు కదా! ఆ తండా వాళ్ల భూమి పాస్‌బుక్ తీసి చూడండి, గ్రామం అన్నచోట మా ఊరి పేరే ఉంటుంది.

గోర్‌బిడ్డ: అన్నా, ఆ తండా మాదే. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసిన మా లంబాడీల లదెణి వ్యాపారం రైళ్లు, రోడ్లు వచ్చాక దెబ్బతింటే, పశువులకు గడ్డీ నీళ్లూ దొరికిన చోట మావాళ్లు ఆగిపోయారు. తండా పెద్దగా నాయక్ ఉండేవాడు, ఆయనకు సాయంగా కార్‌భారి ఉండేవాడు, తగవులు అక్కడే తీరేవి. నిజాం కాలపు భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన జాటోతు ఠానూ నాయక్‌ది ధర్మాపురం తండా అని ఇప్పటికీ చెప్పుకుంటాం, అప్పుడు ఏ చట్టం ఉందని?

పాతరికార్డు: ఠానూ నాయక్ గురించి నేనేమీ అనలేదు. రెవెన్యూ గ్రామం మారిందా లేదా, అది చెప్పు.

మిర్చితోట: మా దగ్గర కూడా ఇదే గొడవ.

గోర్‌బిడ్డ: మారలేదు. అయితే ఏంటి? మా నానమ్మ పింఛను కోసం మూడు కిలోమీటర్లు నడిచి మీ పంచాయతీ ఆఫీసు ముందు వేపచెట్టు కింద పొద్దుటినుంచి కూర్చునేది. అద్దాలు కుట్టిన పేటియా, అదే మా లంగా, ఎండకు కాలిపోతుంటే కొంగు కప్పుకునేది. వేలిముద్ర పడలేదు, రేపు రా అనేవాళ్లు. శివారు అన్న మాట వింటే నాకు ఆ వేపచెట్టే గుర్తొస్తుంది.

పాతరికార్డు: ఆమె కష్టం నిజమే, కాదనను. కానీ మీరు విడిపోయాక జనాభా తగ్గి మాకు నిధులు తగ్గాయి, కాలిపోయిన వీధిలైట్లు మార్చడానికే డబ్బుల్లేవు.

గోర్‌బిడ్డ: కలిసున్నప్పుడు మా తలలు లెక్కపెట్టి తెచ్చిన డబ్బుతో మా తండాకు ఒక్క నల్లా అయినా వేశారా?

పాలకంకి: ఇద్దరూ కాస్త ఆగండి. సార్, పేరు దగ్గర ఇంత పట్టుదల ఎందుకు?

పాతరికార్డు: సరే, చెప్తాను. గుట్ట కింద ఆరెకరాలు మా తాత కౌలుకిచ్చిన భూమి. తండా అక్కడ తాతల నాటి నుంచి ఉందని పుస్తకంలో అచ్చయితే, రేపు 1950 కౌలుదారీ చట్టం పట్టుకుని మేమే రక్షిత కౌలుదారులం, ఈ భూమి మీద మాకు హక్కుంది అని వస్తారు. నాకు ఇద్దరు ఆడపిల్లలు, ఉన్నది ఆ భూమే. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

గోర్‌బిడ్డ: ఈ మాట ముందే అనాల్సింది. ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసిన 1954-55 ఖాస్రా పహాణీలో ఆ సర్వే నంబరు ఎదురుగా సాగులో మా తాత పేరుంది, నకలు మా ట్రంకుపెట్టెలో ఉంది. పుస్తకంలో రాసినా రాయకపోయినా ఆ కాగితం ఉంటుంది. మీ దగ్గరున్న కౌలు కాగితం తీసుకుని ఆదివారం రండి, మా ఇంటి అరుగు మీద రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

పాతరికార్డు: మా దగ్గర కాగితం లేదు. అప్పట్లో నోటిమాటే.