పీసీఓడీకి బరువే కారణమా? తగ్గాకే ట్రీట్‌మెంటా?

షోలింగనల్లూరు అక్క:
మా చెల్లికి 27, ఇక్కడే చెన్నై ఓఎంఆర్ రోడ్డులో ఐటీ జాబ్, పెళ్ళై చాన్నాళ్ళైంది, పిల్లల్లేరు. పిరియడ్స్ మూడు నెలలకోసారి, స్కాన్‌లో పీసీఓడీ అన్నారు, అదే హార్మోన్ల తేడాతో ఓవరీల్లోంచి అండం సరిగ్గా విడుదల కాని సమస్య. డాక్టరమ్మేమో ముందు బరువు తగ్గి రా, తర్వాత చూద్దాం అని పంపేసింది, వాళ్ళత్తగారేమో బయట తిండి తిని ఒళ్ళు పెంచుకుంది అంటున్నారు. నిజంగా మా చెల్లి చేసుకున్నదేనా ఇది?

వేళచ్చేరి:
చాలావరకు లైఫ్‌స్టైలే అండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చూడండి, తమిళనాట 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో బరువెక్కువున్నవాళ్ళు 2015-16లో 30.9 శాతం, 2019-21కి 40.4. అంతలో వంశం మారిపోదు కదా, మారింది జీతాలు, తిండి, కూర్చునే ఉద్యోగాలు. కొవ్వు పెరిగితే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదు, ఒళ్ళు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది, దాంతో ఓవరీల్లో మగ హార్మోన్ పెరిగి అండం విడుదల కాదు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి పిరియడ్స్ దారిలో పడతాయి, 80 కిలోలుంటే 4 నుంచి 8 అన్నమాట, అదేం అసాధ్యం కాదు.

తాంబరం నుంచి:
లెక్క కరెక్టే, కానీ అందులోంచి ఆ పిల్ల తప్పు ఎలా వచ్చింది? సన్నగా ఉన్నవాళ్ళకీ పీసీఓడీ వస్తుంది, తల్లికుంటే కూతురికీ వచ్చే అవకాశం ఎక్కువ, పైగా ఆ ఇన్సులిన్ గొడవ వల్లే బరువు తగ్గడమూ కష్టమవుతుంది. రాత్రి యూఎస్ కాల్స్ అయ్యాక క్యాబ్ దిగి, పొద్దున్నే లేచి అందరికీ టిఫిన్ చేసి మళ్ళీ ఆఫీసుకెళ్ళే మనిషికి నడిచే టైం ఎవరిచ్చారు, అత్తగారు ఆ వంటగది ఓ గంట చూసుకుంటే సగం సాయం చేసినట్టే.

ఇంకోటి, నాకు కోపం వచ్చేది ఇక్కడే, తగ్గాకే రా అని పంపేయడం తప్పు. అలా నెలల తరబడి పిరియడ్స్ రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమవుతుంది, ఏళ్ళ తరబడి వదిలేస్తే క్యాన్సర్ రిస్కు కూడా పెరుగుతుంది, కాబట్టి బరువు ఓ పక్క తగ్గుతుంటే ట్రీట్‌మెంట్ ఇంకో పక్క నడవాలి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్), షుగర్ చూశారా? అవి తేలకుండా స్కాన్ ఒక్కటి పట్టుకుని పీసీఓడీ అని ముద్ర వేయకూడదు. ఇంకో గైనకాలజిస్టుకి చూపించండి అక్కా.

అన్నట్టు వాళ్ళాయనకి వీర్య పరీక్ష చేయించారా? మీ పోస్టులో ఆ మాటే లేదు.