సమస్య: కూలిపోయి చెట్టు కూడు పెట్టె

మా పద్య బృందానికి ఈ వారం నేనిచ్చిన పాదం ఇది. దీన్నే చివరి పాదంగా నిలిపి, పై మూడు పాదాలు సభ్యులు పూరించాలి. ఆటవెలది నాలుగో పాదం, అయిదూ సూర్యగణాలే (మూడేసి మాత్రల గణాలు). కూలిన చెట్టు కూడెలా పెడుతుందన్నదే చిక్కు. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో పుట్టినవాణ్ణి కనుక నాకిది ఊహలోంచి వచ్చిన పాదం కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు తాతలనాటి కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. నాటు కొబ్బరి మళ్ళీ కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది.

మందస మిత్రుడి పూరణ:

గాలివాన వచ్చి కాయలు రాల్చగ
నేల కొరిగె తోట నిమిషమందు
దుంగలమ్మినాము తొలి మూడు నెలలకున్
కూలిపోయి చెట్టు కూడు పెట్టె

దీనిపై సోంపేట సభ్యుడు: "కొబ్బరి దుంగను కొన్నదెవరండీ? తోట ఖాళీ చేయించడానికి మేమే ఎదురు కూలి ఇచ్చుకున్నాం. పనస కలపకు పోతుంది, జీడి వంటచెరకుకు పోతుంది. పద్యం బాగుంది కానీ మా బతుకు అలా లేదు."

గణాలు, యతులు (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరాల్సిన మైత్రి) నిర్దోషం. అయినా సోంపేట వారిదే న్యాయం. మందస మిత్రుడు వెంటనే మూడో పాదం మార్చారు: "పనస దుంగలమ్మి బతికితి మొక నెల". మూడు నెలలు ఒక నెలకు తగ్గాయి, పద్యానికి బరువు పెరిగింది.

రాజాం సోదరి పూరణ:

పట్నమందు పనులు బందయి పోవగా
నిల్లు చేరుకొంటి మెండ నడిచి
పెరటి మునగ తప్ప పెన్నిధి లేదింక
కూలి పోయి, చెట్టు కూడు పెట్టె

ఒక్క విరుపుతో చెట్టును నిలబెట్టి, కూలి డబ్బును పోగొట్టారు. 2020 వేసవిలో మన జిల్లాల దారుల మీద నడిచి వచ్చినవారిని చూసినవాళ్ళకు రెండో పాదం వివరించనక్కరలేదు. "బందు" పద్యంలో ఇమడదని ఒకరన్నారు. నేను ఒప్పుకోను, ఆ రోజుల్లో అందరి నోటా ఉన్న మాట అది.

బొబ్బిలి నుంచి ఒక విద్యార్థి. ఇది ఆయన మొదటి పద్యమట:

నాన్న లేని యింట నమ్మయే మా చెట్టు
పొద్దు పొడవకుండ బుట్ట నెత్తి
చేని గట్లు దాటి సెలవన్న దెరుగక
కూలి పోయి చెట్టు కూడు పెట్టె

"కూలికి పోయి" అనాలి, విభక్తి లోపించిందని రాజాం సోదరి పట్టుకున్నారు. నిజమే. పాదం నేనిచ్చినదే కాబట్టి ఆ దోషంలో నాకూ వాటా ఉంది. అసలు తప్పు మొదటి పాదంలో ఉంది. "యింట నమ్మ"లోని నకారం ద్రుతం (కొన్ని మాటల చివర చేరే న్), సంధిలో వచ్చి చేరింది. అక్కడ యతి "అమ్మ"లోని అకారానికే చెల్లుతుంది, "నాన్న"లోని నాకారానికి చెల్లదు. కొత్తగా రాసేవారు ఎక్కువగా జారేది ఇక్కడే. బాబూ, "నాన్న" తీసి "అయ్య" అని పెట్టి చదువు: "అయ్య లేని యింట నమ్మయే మా చెట్టు". గణం చెడదు, యతి కుదురుతుంది.

రాత్రి ఆయన జవాబు వచ్చింది: "మా ఇంట్లో అయ్య అనే పిలిచేవాళ్ళమండీ. పద్యానికి బాగుండదేమోనని నాన్న అని రాశాను."