జూట్ సూట్ (1981): నాటకాన్ని నాటకంలాగే తీసిన సినిమా, మీకెలా అనిపించింది?

నాటకాలపిచ్చి
రాత్రి చూశాను. 1940ల్లో లాస్ ఏంజెలెస్‌లో హత్యకేసులో ఇరుక్కున్న హెన్రీ అనే మెక్సికన్ అమెరికన్ కుర్రాడి కథ. స్టేజీ మీదే కెమెరా తిప్పారు, మధ్యలో ఎదురుగా కూర్చున్న ప్రేక్షకులు కూడా కనిపిస్తారు. మొదట్లో విసుగొచ్చింది. కోర్టు సీన్ మొదలయ్యాక మాత్రం కదల్లేదు. ఇలా కావాలనే తీశారా, డబ్బుల్లేకా?

రీలుడబ్బా
రెండూనండి. యూనివర్సల్ ఇచ్చిన బడ్జెట్ చిన్నది. హాలీవుడ్‌లో ఆ నాటకం ఆడిన ఆక్వేరియస్ థియేటర్లోనే సుమారు రెండు వారాల్లో చుట్టేశారు. కానీ నాటకం రాసి, సినిమా కూడా తీసిన లూయిస్ వాల్డెజ్ అసలే నాటకాల మనిషి. 1965లో కాలిఫోర్నియా ద్రాక్షతోటల సమ్మెలో కూలీలతోనే నాటికలు ఆడించాడు, లారీయే వేదిక. మన ప్రజానాట్యమండలి గుర్తొస్తుంది కదా!

శ్రీలత_ఎల్ఏ
2017లో ఆ నాటకాన్ని లాస్ ఏంజెలెస్‌లోని మార్క్ టేపర్ ఫోరమ్ థియేటర్లో మళ్లీ వేసినప్పుడు వెళ్లాను. 1978లో మొదట ఆడిందీ అక్కడే. హాల్లో సగంమంది జూట్ సూట్లలో (పొడవాటి కోటు, వదులు ప్యాంటు, అప్పటి కుర్రాళ్ల ఫ్యాషన్) వచ్చారు, తాతలతో సహా! ఎల్ పచూకో అడుగుపెట్టగానే ఈలలు. మన నాటకాల్లో సూత్రధారుడిలాంటి పాత్ర అది, కాకపోతే హీరో హెన్రీని ఎగతాళి చేస్తాడు, రెచ్చగొడతాడు. సినిమాలో ఆ వేషం వేసిన ఎడ్వర్డ్ జేమ్స్ ఓల్మోస్ నడకే వేరు.

పాతకేసులు
ఈ కథకి మూలమైన అసలు కేసు సినిమాకంటే దారుణం. 1942 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో స్లీపీ లగూన్ అనే చెరువు దగ్గర హోసే డియాజ్ అనే కుర్రాడు చనిపోయాడు. ఒక్క చావుకి 22 మందిని కలిపి విచారించారు. లాయర్ల పక్కన కూర్చోనివ్వలేదు. చాలా రోజులు జుట్టు కత్తిరించుకోనివ్వలేదు, ఉతికిన బట్టలివ్వలేదు. రౌడీల్లా కనిపించకపోతే ఎలా మరి! 12 మందికి హత్యానేరం, ఐదుగురికి దాడి నేరం వేశారు. 1944 అక్టోబరులో అప్పీలు కోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. ఈలోగా 1943 జూన్‌లో నావికులు వీధులంట పడి, జూట్ సూట్ కనిపిస్తే చాలు బట్టలు చింపి కొట్టారు. సినిమాలో పచూకోని వివస్త్రను చేసే సీన్ అదే.

మాటకారి
నాకు నచ్చనిది ఒకటుంది. కుర్రాళ్లని విడిపించే పనంతా తెల్ల లాయరూ, వాళ్ల తరఫున తిరిగే ఆలిస్ అనే ఆవిడా చేసినట్టుంటుంది. హెన్రీ తల్లి, ప్రియురాలు డెల్లా ఎదురుచూడటం తప్ప ఏం చేశారు?

రీలుడబ్బా
ఒప్పుకుంటాను. ఆలిస్ పాత్రకి మూలమైన ఆలిస్ మెగ్రాత్ నిజంగానే కష్టపడ్డారు, కాదనను. అయినా మెక్సికన్ ఆడవాళ్ల పాత్రలు పలచనే.

నాటకాలపిచ్చి
నాటకం న్యూయార్క్‌లో ఎందుకు ఎక్కువ రోజులు ఆడలేదు?

శ్రీలత_ఎల్ఏ
లాస్ ఏంజెలెస్‌లో నెలల తరబడి హౌస్‌ఫుల్. 1979లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేకి వెళితే 41 ప్రదర్శనలకే ఆగిపోయింది. ఇక్కడి జనానికి అది సొంత వీధి గొడవ, అక్కడివాళ్లకి కాదు. నా లెక్క అంతే.

పాతకేసులు
చివర్లో హెన్రీ ఏమయ్యాడో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు: మళ్లీ జైలుకెళ్లాడని ఒకరు, కొరియా యుద్ధంలో పోయాడని ఇంకొకరు, పెళ్లాం పిల్లలతో ఉన్నాడని మరొకరు. మీకేది నమ్మాలనిపించింది?

నాటకాలపిచ్చి
పెళ్లిదే. మా ఆవిడ మాత్రం జైలే అంటోంది, ఇంకా తేలలేదు.